చేపల పిల్లకు విగ్గెందుకు

రిహార్సల్ మధ్యలో కోబినా పడవ దిగేశాడు.

పడవంటే నిజం పడవ కాదు. మా ఐదో తరగతి పిల్లలు అట్టపెట్టెలు అతికించి చేసింది. కోబినా అందులో రాజకుమారుడు. సముద్రంలో పొగమంచు కమ్మి దారి తప్పుతాడు. ఒడ్డున పొయ్యి మీద చేపలు పొగబెట్టే పిల్ల ఒకతి పాట పాడుతుంది. ఆ పాట పట్టుకుని ఒడ్డు చేరతాడు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానంటాడు. ఆ నాటకం అల్లింది వాళ్ల మాస్టారినైన నేనే.

చేపల పిల్ల వేషం అరబాకి ఇచ్చాను. అరబా గొంతెత్తితే రేవులో వలలు లాగేవాళ్లు కూడా ఆగి వింటారు.

"సార్, ఈ చెవులు చూస్తే రాజకుమారుడు పడవ వెనక్కి తిప్పుకుంటాడు," అన్నాడు కోబినా.

క్లాసంతా గొల్లుమంది. వాణ్ణి కోప్పడాల్సిన నేను మూతి బిగించి నవ్వాపుకున్నాను. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మా బళ్లో ఆడపిల్లలైనా, మగపిల్లలైనా జుట్టు పొట్టిగా కత్తిరించుకోవాల్సిందే. అరబా చెవులు కాస్త పెద్దవి. రెండు వారాలకోసారి వాళ్ల ఎకువా పిన్ని కత్తెర పట్టుకోగానే, చెవుల దగ్గర కొంచెం వదిలెయ్యమని ఆ పిల్ల బతిమాలేదట. పిన్నికి సెలూన్ ఉంది. బడి రూలు రూలేనని ఆవిడ వదిలేది కాదు.

ఆ రోజు అరబా మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్ద ముట్టుకోలేదు. నాటకానికి ఊరంతా వస్తుంది. క్లాసు నవ్వినట్టే ఊరూ నవ్వితే? అందం లేని పిల్లని రాజకుమారుడు చేసుకుంటానంటే ఎవరు నమ్ముతారు?

నాటకం ఆడే శనివారం వచ్చేసింది. సెలూన్లో బొమ్మ తల మీద పిన్ని విగ్గు ఉంది. ఆవిడ చర్చికి పెట్టుకెళ్లేది, నడుం దాకా జుట్టున్నది. అరబా ఎవరినీ అడక్కుండా దాన్ని సంచిలో కుక్కుకుంది.

బడి ఆవరణ కిక్కిరిసిపోయింది. బెంచీలు చాలక పిల్లలు గోడెక్కారు. ఇద్దరు పిల్లలు తెల్ల దుప్పటి పట్టుకుని ఊపుతుంటే అదే పొగమంచు. కోబినా తెడ్డు వేస్తున్నాడు. డోలు నా చేతిలో ఉంది. మూడో దెబ్బకి అరబా పాట ఎత్తుకోవాలి.

పొయ్యి వెనక నించి అరబా లేచింది. నడుం దాకా జుట్టు! జనం ఆహా అన్నారు. అరబా మొహం వెలిగిపోయింది.

అయితే అది పెద్దవాళ్ల తలకి కుట్టిన విగ్గు. రెండడుగులు వేసేసరికి కళ్ల మీదికి జారింది. చెవులు పూర్తిగా మూసుకుపోయాయి. నేను మూడో దెబ్బ కొట్టాను. పాట లేదు. మళ్లీ కొట్టాను. ఊహూఁ. పాపం, రాజకుమారుడు చెమటలు కక్కుతూ తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

"ఈ అబ్బాయి ఈ జన్మకి ఒడ్డు చేరడు," అన్నారెవరో.

"అది నా విగ్గు కదూ?" అంటూ రెండో బెంచీలో ఎకువా పిన్ని లేచి నిలబడింది.

ఇక చూడాలి, ఒకటే నవ్వులు. అరబా కొయ్యబారిపోయింది. ఇంకో నిమిషం ఆగితే ఏడుస్తూ పారిపోయేదే.

మా ఊళ్లో ఒక పద్ధతుంది. కథ నడుస్తుండగా ఎవరైనా లేచి, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నానని చెప్పి పాట అందుకోవచ్చు. కథ చెప్పేవాళ్లు కోప్పడకూడదు. అరబా అమ్మమ్మ కర్ర ఊతంగా లేచింది.

"ఆగండి. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను," అంది. "ఆ పిల్లకి ఇంత జుట్టు లేదే! మనందరి పిల్లల్లాగే పొట్టి జుట్టు. అయినా పొగమంచులో జుట్టెవరికి కనపడుతుందర్రా? ఆ అబ్బాయికి వినపడింది పాట."

తనే మొదటి చరణం ఎత్తుకుంది. ముసలి గొంతు, వణుకుతోంది. జనం చప్పట్లతో తాళం వేశారు.

అరబా విగ్గు తీసింది. పొయ్యి పక్కన జాగ్రత్తగా పెట్టింది. నా వైపు చూసింది. నేను మూడు దెబ్బలు కొట్టాను.

ఏం పాడిందనుకున్నారు! గోడ మీద పిల్లలు కూడా కదల్లేదు. దుప్పటి పట్టుకున్నవాళ్లు ఊపడం మర్చిపోయారు. పొగమంచు దానంతటదే విడిపోయింది.

పడవ ఒడ్డు చేరింది. నేను రాసినదాని ప్రకారం, పాడిందెవరని రాజకుమారుడు అడిగితే చేపల పిల్ల సిగ్గుపడి పొయ్యి వెనక దాక్కోవాలి. అరబా దాక్కోలేదు. ముందుకొచ్చి నిలబడింది.

"నేనే పాడాను," అంది.

కోబినా చెప్పాల్సిన మాటలన్నీ మర్చిపోయాడు. తెడ్డు పక్కన పెట్టేశాడు.

"అయితే నేను పడవ ఇక్కడే కట్టేస్తాను," అన్నాడు చివరికి.

అది నేను రాసిన మాట కాదు. నేను రాసినదానికంటే బాగుంది.

నాటకం అవగానే అరబా విగ్గు తీసుకెళ్లి పిన్ని చేతికిచ్చి, అడక్కుండా తీశానని ఒప్పుకుంది. పిన్ని బాగానే చీవాట్లు పెట్టింది. ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి విగ్గు చిక్కులన్నీ తీయించింది.

పని అయ్యాక కత్తెర పట్టుకుని పిలిచింది. అరబా తనే వెళ్లి కుర్చీ ఎక్కింది.

"చెవుల దగ్గర ఇంకా పొట్టిగా కత్తిరించు పిన్నీ," అంది. "డోలు సరిగ్గా వినపడాలి."