మౌనానికి మ్యూజిక్

"నా మౌనం మీద ఫ్లూట్ ఎవరు వాయించారు?"

తలుపైనా కొట్టకుండా ఎడిటింగ్ రూములోకి వచ్చి నిలదీసింది ఆ అమ్మాయి. కత్తెర ఉలిక్కిపడి కుర్చీ తిప్పాడు. వీడియోలు కత్తిరించడమే పని కాబట్టి స్టూడియోలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. వారం నుంచి తెరమీద చూస్తున్న ముఖం ఎదురుగా వచ్చి నిలబడేసరికి, పాపం, మాట తడబడింది.

"నేనేనండీ. ఆడియో రికార్డు కాలేదేమో అనుకున్నా..."

"మూకాభినయమండీ అది! మాటా పాటా ఉండకూడదు!"

"తర్వాత తెలిసింది. అప్పటికే ఫ్లూట్ భలే కుదిరిపోయింది."

అంత కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగి వాన చూసింది. కత్తెర కనిపెట్టేశాడు. ఆ ముఖం ఎప్పుడెలా కదులుతుందో అతనికి కంఠతా వచ్చు మరి.

ఆ ధీమాతోనే, ఫ్లూట్ తీసేసి వీడియో అప్పగించిన రోజు మనసులో మాట చెప్పేశాడు.

"మీరంటే నాకిష్టం. మిమ్మల్ని నేను చూసినంతగా ఎవరూ చూసుండరు."

"ఎప్పుడు చూశారు?"

"రోజూ. ఆపి, వెనక్కి తిప్పి, జూమ్ చేసి..."

"అది వీడియో. నన్ను మీరు ఒక్కసారీ చూడలేదు." ఆమె గొంతులో కోపం లేదు, పట్టుదల ఉంది. "ఆదివారం షోకి రండి. ఫోను బయటికి తీయకూడదు. చూశాక కూడా ఇదే మాట అనగలిగితే వింటాను. లేదంటే ఇంతటితో సరి."

ఆదివారం అర్జెంటు పని ఉందన్నాడు స్టూడియో ఓనరు. "ఉద్యోగం పోయినా సరే, నేను వెళ్తున్నా" అనేసి, వానలో తడుస్తూ హాలుకు పరుగెత్తాడు కత్తెర. ముందు వరుసలో ఒక పెద్దావిడ పక్కన చోటు దొరికింది. తల తుడుచుకోమని ఆవిడ తన రుమాలు ఇచ్చింది.

షో మొదలైంది. తెలిసిన కథే. గూట్లోంచి పిచుకపిల్ల పడిపోతుంది, ఆమె దాన్ని దోసిట్లోకి తీసుకుంటుంది. వీడియోలో ఆ దోసిలి ఫ్రేము దాటిపోతుంటే, కెమెరామన్ పొరపాటనుకుని కత్తెర అక్కడే కట్ చేశాడు.

ఇక్కడ ఆ దోసిలి ఆగలేదు. స్టేజీ దిగి, నేరుగా వచ్చి అతని ముందు నిలిచింది. 'పట్టుకోండి' అన్నాయి ఆమె కళ్ళు.

అందులో ఏమీ లేదని తెలుసు. అయినా రెండు చేతులూ చాచాడు. చెమట చుక్క ఒకటి అతని మణికట్టు మీద రాలింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

షో అయ్యాక, ముఖం మీది రంగు తుడుచుకుంటూ వచ్చిందామె. "ఇప్పుడు చెప్పండి."

"తెరమీద అమ్మాయి నేను ఆపితే ఆగుతుందండీ. మీరు ఎదురుగా వచ్చేసరికి నాకేం చెయ్యాలో తోచలేదు. భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది. అయినా అదే మాట. మీరంటే ఇష్టం."

ఆమె పెద్దావిడ వైపు తిరిగింది.

"అమ్మా, ఇవాళ ఎలా చేశాను?"

ఆవిడ అమ్మా!

"ఏమో తల్లీ, నేను నిన్ను చూస్తే కదా," అందావిడ. "పిచుకపిల్లను ఎక్కడ నలిపేస్తాడోనని ఇతన్నే కనిపెట్టుకుని కూర్చున్నా. చూడు, ఇంకా వదల్లేదు."

కత్తెర తన చేతులు చూసుకున్నాడు. నిజమే, దోసిలి అలాగే ఉంది.

ఆమె దగ్గరికొచ్చి, ఆ దోసిట్లో తన చెయ్యి పెట్టింది.