మణికట్టు మీద రంగు

సుజాత అమ్మమ్మ ఇంట్లో చాటలో ఇప్పపువ్వు పోసుకుని ఎండుటాకులు ఏరి పారేస్తోంది. ఎదురుగా పీట మీద కూర్చున్న గణేష్ ఫోనులో గ్రీకు సినిమా చూపిస్తున్నాడు. దాన్నే మార్చి తెలుగులో షార్ట్ ఫిల్మ్ తీస్తాడట.

గణేష్‌ది ఇల్లందు. పోయినేడు సుజాత వాళ్ల కోయగూడేనికి పెళ్లి వీడియో తీయడానికి వచ్చాడు. పెళ్లికూతుర్ని తియ్యమంటే సగం వీడియోలో సుజాతే ఉంది. ఆ సంగతేమిటో ఊరంతటికీ అర్థమైంది. గణేష్ నోటికే ఇంకా అర్థం కాలేదు. హీరోయిన్ నువ్వేనని మాత్రం చలికాలంలోనే మాటిచ్చాడు.

సినిమాలో ఒక షావుకారు భార్య, పరాయి దేశం నుంచి వచ్చిన పనిమనిషి ఒకరి ఒంట్లోకి ఒకరు దూరిపోయారు.

“కామెడీ అదిరింది గదా?” అన్నాడు గణేష్.

“దొరసాని చీపురు పడితే సినిమాల అందరు నవ్విన్రు. పనిమనిషి సోఫాల కూసుంటే నవ్విన్రు. రెండుసార్లు పనిమనిషిని చూసే గదా నవ్వింది? ఇంక మార్చుకున్నదేంది?”

“గట్ల కాదు. యాక్టింగ్ చూడు. పనిమనిషి వేసినామె కూడా గ్రీకు ఆమెనే. ఆ రంగంతా మేకప్!”

“అంత పెద్ద ఊర్ల ఆ దేశపు పిల్ల ఒక్కతి దొరకలేదా? ఇండ్లు ఊడ్వనీకి మటుకు దొరికిన్రు.”

గణేష్ ఒక చెయ్యి జేబులో పెట్టాడు. “సుజాతా, ఒకసారి చెయ్యియ్యి.”

సుజాత చాట పక్కన పెట్టింది. ఏడాదిగా కాచుకున్న మాట అది. చెయ్యి ఓణీకి తుడుచుకుని, చూపు గోడ మీద పెట్టి, చాపింది. అతను మెల్లగా మణికట్టు పట్టుకున్నాడు. ఏదో చల్లగా తగిలింది. చూస్తే మేకప్ ట్యూబులోంచి గోధుమరంగు గీత!

“కొంచెం తేలిపోయింది. ఇంకా ముదురుది కావాలె,” అన్నాడు గణేష్ తల వంచి చూస్తూ.

“ఏందిది?”

“అదీ... కోయపిల్ల పాత్ర ఖమ్మం నుంచి శ్రావణి వచ్చి చేస్తాంది. ఆమెకు నీ రంగు వెయ్యాలె. గొంతు మాత్రం నీదే, డబ్బింగ్!”

“నా రంగు, నా గొంతు. చీర కూడా నాదేనా?”

“అవ్, పూసలదండ గూడ...” అని నాలుక కరుచుకున్నాడు.

“అమ్మమ్మా, జల్దీ రా! ఈయనకు నేను పనికిరానంట. నా తోలు కావాలంట!”

పెరట్లోంచి అమ్మమ్మ జంపక్క వచ్చింది. “మేకతోలైతే డప్పుకు పనికొస్తది. పిల్ల తోలు ఏం చేస్కుంటవ్ బాబూ?”

గణేష్ చెవులు ఎర్రబడ్డాయి. “ప్రొడ్యూసర్ రాంబాబన్న ఒప్పుకోలే. నిజం కోయపిల్లను పెడితే ఎవలు చూస్తరన్నడు.”

“నువ్వేమన్నవ్?” అడిగింది సుజాత.

గణేష్ ట్యూబుకు మూత పెట్టసాగాడు.

“పెళ్లిల నన్ను తీసినప్పుడు ఎవల్నడిగి తీసినవ్?” అంది సుజాత. ఈసారి గొంతులో వెటకారం లేదు.

గణేష్ ఫోను తీసుకున్నాడు. గ్రీకు సినిమా ఆపి నంబరు నొక్కాడు.

“రాంబాబన్నా, శ్రావణిని రావొద్దను... సుజాతే చేస్తది... అవ్, నిజం పిల్లనే... పైసలు నీయి, కెమెరా నాది. నా సినిమా నేనే తీసుకుంట.” అవతల అరుపులు వినిపించాయి. కట్ చేశాడు.

“సినిమా పోయిందా?” అంది సుజాత.

“ప్రొడ్యూసర్ పోయిండు. కథ మారుస్త. ఈసారి నవ్వేది కోయపిల్ల. నువ్వొస్తే సినిమా ఉన్నట్టే.” పీట మీంచి లేచాడు. “నువ్వంటే నాకిష్టం. ఇది ముందే చెప్పాల్సింది.”

“రంగు పూసినంక యాదికొచ్చిందా?”

జంపక్క చాట తన ముందుకు లాక్కుంది. “పువ్వు నేను ఏరుతగని, పొద్దుగూకక ముందే పిల్లను ఇంటికాడ దింపు. దీని నాయిన లచ్చయ్య ఉంటడు. ఈ ఇష్టమేదో ఆయనకు గూడ నీ నోటితోనే చెప్పు.”

సుజాత చెంబెడు నీళ్లతో మణికట్టు మీది గీత కడిగేసుకుంది. చెప్పులేసుకుంది. గణేష్ బండి తాళం కోసం జేబులు తడుముకుంటూ ఉండగానే, మూలనున్న కెమెరా సంచి భుజాన తగిలించుకుంది. ఇంతసేపూ ఒక్క మాటకూ బాకీ పడని ఆ పిల్ల, ఏమీ అనకుండా గడప దాటింది.