ఇప్పుడు వింటున్నవారు

పొద్దున్నే పొయ్యి మీద చాయ్ పెట్టి, ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి పాట పెట్టుకోవడం శోభారాణికి ఈ మధ్యనే అలవాటైంది. ఫోన్‌లో పాడేది ఆమె గొంతే. పెళ్లికి ముందు, చెల్లెలు కళావతితో కలిసి ఎనుమాముల పక్క చేన్లలో పత్తి ఏరుతూ పాడిన పాటలవి. హనుమకొండలో రికార్డింగ్ సెంటర్ నడిపే సుదర్శన్ అక్కచెల్లెళ్లిద్దరినీ కూర్చోబెట్టి వాటిని క్యాసెట్లకెక్కించాడు. తర్వాత ఆ సుదర్శనే శోభారాణి మెడలో తాళి కట్టాడు.

సెంటర్ మూతపడి చాలా కాలమైంది. అట్టపెట్టెల్లో క్యాసెట్లు మిగిలాయి. ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే కూతురు వినోద, అవి బూజు పట్టి పోకముందే ఏదో ఒకటి చేయాలనుకుంది. మూలన పడ్డ పాత కంప్యూటర్‌కు కొత్త హార్డ్ డిస్క్ వేసి, దాన్ని ఇంటి మ్యూజిక్ సర్వర్‌గా మార్చింది. తండ్రి టేప్‌రికార్డర్‌లో క్యాసెట్లు తిప్పుతుంటే, పక్కనే కూర్చుని ఒక్కో పాటను కంప్యూటర్‌లోకి ఎక్కించి పేర్లు పెట్టింది. మొదట్లో ఇంట్లో మోగిన పాట గడప దాటితే మోగేది కాదు. ఆ చిక్కు విప్పడానికి ఎన్నో ఆదివారాలు సెట్టింగులతో కుస్తీ పట్టింది.

“నడుమ ఏ కంపెనీ లేదమ్మా. పాటలు మన ఇంట్లనే ఉంటయి. మనం పేరు, పాస్‌వర్డ్ ఇచ్చినోళ్లే వింటరు, ఏడికి పోయినా వినొచ్చు” అని తల్లికి చెప్పింది. శోభారాణి మురిసిపోయింది.

ఆ శనివారం పొద్దున పాట పెద్దగా పెడదామని తడి చేత్తో ఫోన్‌ను నొక్కింది. వేలు ఎక్కడ తగిలిందో, మూలన చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. పైన ‘ఇప్పుడు వింటున్నవారు’ అని ఉంది. కింద రెండు పేర్లు. ఒకటి శోభ. రెండోది కళ. ఇద్దరి పేర్ల పక్కనా అదే పాట.

చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమె చూడలేదు.

“వినోదా! ఇటు రా!”

ఆ పిలుపులోని కటువుకు వినోద తల దువ్వుకుంటూనే పరుగెత్తుకొచ్చింది. శోభారాణి ఫోన్ చూపించింది.

“ఈ కళ ఎవరు?”

వినోద దువ్వెన దించింది. “చిన్నమ్మ.”

“ఎవర్నడిగి ఇచ్చినవ్?”

“ఆ పాటలల్ల సగం గొంతు చిన్నమ్మదే గదమ్మా. ఆమె పాట ఆమె వినొద్దా?”

“నీకు నోరు బాగ లేస్తాంది. అది ఏం చేసిందో నీకు ఎరుక లేదా? కన్నతల్లిని, మా అవ్వను పొట్టన పెట్టుకున్నది!”

వాకిట్లో పేపర్ చదువుతున్న సుదర్శన్ లోపలికి వచ్చాడు. “శోభా, ఆ మాట జర ఆపు. ఇయ్యమని పిల్లకు నేనే చెప్పిన.”

“ఓహో! మీరు గూడ ఉన్నరా ఇందుల? ఇంట్ల అందరు ఒక్కటై నన్ను పిచ్చిదాన్ని చేస్తాండ్రా?”

నాలుగేళ్ల కిందట తల్లి సమ్మమ్మ కిడ్నీలు చెడిపోయి హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో పడింది. శోభారాణి రాత్రింబవళ్లు మంచం పక్కనే ఉంది. ఏదో ఒకటి చేయమని డాక్టర్ల వెంట తిరిగింది. ఒకరోజు స్నానం చేసి బట్టలు మార్చుకొద్దామని, చెల్లెల్ని మంచం దగ్గర ఉంచి ఇంటికి వెళ్లి, టిఫిన్ డబ్బా పట్టుకుని తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. కళావతి సంతకం పెట్టి, తల్లిని అంబులెన్సులో ఊరికి తీసుకుపోయింది. శోభారాణి ఊరు చేరేసరికి వాకిట్లో ఏడుపులు వినిపించాయి. శవం ముందరే, ఊరంతా చూస్తుండగా, “నువ్వే సంపినవ్” అని చెల్లెలి మొహం మీద అనేసింది. కళావతి తల దించుకుంది తప్ప మారు మాట్లాడలేదు. ఆ మౌనమే తప్పు ఒప్పుకున్నట్టు అనిపించింది శోభారాణికి. ఆనాటి నుంచి మాటల్లేవు.

“ఇప్పుడే తీసెయ్యి. నా కండ్ల ముందట తియ్యి” అంది.

“అమ్మా, ఒక్కసారి ఆలోచన చెయ్యి. ఆమెకు ఇంకెవరున్నరు? ఏటూరునాగారం హాస్టల్ల పని చేసుకుంట బతుకుతాంది, ఆ పిల్లలే గదా ఆమెకు లోకం.”

“తీస్తవా? ఆ కంప్యూటర్ డబ్బాను రోడ్డు మీద పడెయ్యాల్నా?”

వినోద ల్యాప్‌టాప్ తెచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. సర్వర్ పేజీ తెరిచి, కళ అనే పేరు దగ్గర ఆగింది. తొలగించమని నొక్కితే, నిజంగా తొలగించాలా అని పేజీ అడిగింది. వినోద తల్లి మొహంలోకి చూసింది. అక్కడ మెత్తదనం కనిపించలేదు. మీట నొక్కింది.

“పోయింది. ఇగ నిమ్మలమేనా?” అని, ఏమీ తినకుండానే కాలేజీకి వెళ్లిపోయింది.

మర్నాడు ఆదివారం. శోభారాణి ఎప్పటిలాగే పాట పెట్టి, ఆ చిన్న పెట్టె తెరిచి చూసింది. తన పేరొక్కటే ఉంది. గెలిచినట్టు ఉండాలి కదా, లేదు. పాటలో చెల్లెలి గొంతు అందుకునే చోటు రాగానే ఫోన్ బోర్లా పెట్టేసింది. వినోద గదిలోంచి బయటికి రాలేదు. ఆమె ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తర్వాత సుదర్శన్ ఫోన్ మోగింది. అతను పేరు చూసి, భార్య వైపు చూసి, చప్పుడు రాకుండా నొక్కేశాడు. ఎవరని ఆమె అడగలేదు.

మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. చేటలో మిరపకాయల తొడిమలు తీస్తున్న శోభారాణి తలెత్తింది. గేటు పట్టుకుని కళావతి నిలబడి ఉంది. జుట్టు రేగిపోయి, చీర నలిగిపోయి ఉంది. అక్కను తల నుంచి కాళ్ల దాకా చూసి, అక్కడే మెట్టు మీద కూలబడింది.

“బాగనే ఉన్నవా అక్కా? నీకేం గాలేదు గదా?”

“నాకేమైతది? ఎందుకొచ్చినవ్?”

“రోజు పొద్దుగాల నీ పేరు కనవడేది. అక్క లేచింది, పాట వింటాంది, బాగనే ఉన్నదని నేను హాస్టల్ పనికి పోయేదాన్ని. ఇయ్యాల పేజీనే తెరుసుకోలే. పోరికి ఫోన్ చేస్తే ఎత్తలే, బావ కట్ చేసిండు. అందరు దవాఖానల ఉన్నరేమో, నాకు చెప్పొద్దనుకున్నరేమోనని… బస్సుల కూసున్నప్పటి సంది నా పానం నా తాన లేదు.”

వినోద తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. సుదర్శన్ మంచినీళ్లు తెచ్చి ఇస్తే, కళావతి గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

“చూసిన గదా, చాలు. పోతా అక్కా.”

శోభారాణికి కోపమే వచ్చింది. ఇంత దూరం భయపడుతూ వచ్చిన మనిషి ఇట్లా ఎట్లా పోతుంది?

“ఆగు. ఆ దినం నాకు ఒక్క ఫోన్ చేస్తే ఏమైపోవునే? నేను రాకముందే ఎందుకు తీస్కపోయినవ్? ఇయ్యాలన్న చెప్పు.”

“వద్దక్కా. అది ఇనకు.”

“చెప్పు!”

కళావతి గ్లాసు మెట్టు మీద పెట్టింది. “నేను తీస్కపోలే. అవ్వనే పొమ్మన్నది. నువ్వు మెట్లు దిగిపోయినవో లేదో, నా చెయ్యి పట్టుకున్నది. ‘పెద్దది వస్తే నన్ను పోనియ్యది. గుచ్చుడు ఇగ నాతోని గాదు. నా ఇంట్ల పండుకోబెట్టు’ అన్నది. నువ్వెప్పుడు కదుల్తవా అని ఎదురుచూసిందక్కా.”

శోభారాణి చేతిలోని చేట ఒరిగి మిరపకాయలు జారిపోయాయి. కంటికి రెప్పలా కాచుకున్న తల్లి, తను పక్కన లేని గడియ కోసం కాచుకుందా?

“అబద్ధమాడుతానవ్” అనబోయింది. అంతలో సూది చూడగానే మొహం తిప్పుకునే తల్లి కళ్ల ముందు మెదిలింది. “ఇంటికి పోదాం బిడ్డా” అని ఆమె గొణిగినప్పుడల్లా, “నయమైనంక పోదాం తీయ్” అని తానే నోరు మూయించింది.

“నిజమే” అంది. “నేనుంటే పోనియ్యకపోదును.” మళ్లీ నెమ్మదిగా అడిగింది. “నన్ను తలుసుకున్నదా?”

“ఇంటికి పోయేదాంక తొవ్వ పొంటి నీ ముచ్చటే. ‘దానికి నా మీద పానం. తిడ్తది, కొడ్తది. నువ్వు పడు. దానికి తెల్వకుంట నేనే వచ్చిననని మాత్రం చెప్పకు, తట్టుకోలేదు’ అన్నది. పడ్డక్కా. నాలుగేండ్ల సంది పడుతనే ఉన్న.”

శోభారాణి కారం చేతులని కూడా చూడకుండా చెల్లెల్ని దగ్గరికి లాక్కుంది. ఊరంతా వినేలా అన్న ఆ ఒక్క మాటను ఇన్నేళ్లూ ఈ మనిషి ఒంటరిగా ఎట్లా మోసిందో! దహనం రోజు కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, ఆపుకోలేనంతగా.

“ఇగ పడకే” అంది వెక్కిళ్ల మధ్య. “ఇగ నన్ను తిట్టు. నీకెంత కోపముంటే అంత తిట్టు.”

కళావతి తిట్టలేదు. అక్క భుజం మీద మొహం దాచుకుని, ఊరి వాకిట్లో తనకు ఏడ్చే హక్కు లేకుండా పోయిన తల్లి కోసం, మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది.