ఎంగిలిపడకుండా పోయిన మనిషి

సోమమ్మ తెల్లవారకముందే లేచి వంట మొదలుపెట్టింది. స్టవ్ మీద ఒకపక్క అన్నం ఉడుకుతోంది. మరోపక్క ఎండురొయ్యలు వేసిన పుంటికూర దగ్గరపడుతోంది. పులుపూ కారమూ కలిసిన ఆ గోంగూర వాసన ఇల్లంతా పరుచుకుంది. కారేపల్లికి అవతల, అడవి మొదలయ్యేచోట ఉన్న బొగ్గుగని కాలనీ అది. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లున్న ప్రతి క్వార్టర్‌లోనూ ఆ వేళకు లైటు వెలుగుతుంది.

కోడలు నవత ఓట్స్ డబ్బా పట్టుకుని వచ్చి వెనకాల నిలబడింది.

"అత్తమ్మా, జర ఒక పొయ్యి ఇయ్యి. బస్సు టైమైతున్నది."

"ఆ గడ్డి ఉడకబెట్టనీకె ఎంతసేపు గని, ముందు కూర కానీ."

"కూర వద్దు అత్తమ్మా. ఎన్నిసార్లు చెప్పాలె? మళ్ల మెడికల్‌కు ఎన్నో దినాలు లేవు."

సోమమ్మ అన్నం గిన్నె దించి పక్కకు జరిగింది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు భాను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. మొదటినుంచీ బొద్దుగా ఉండేవాడు, ఈ మూడు నాలుగేళ్లలో బాగా లావెక్కాడు. మెట్లెక్కితే ఆయాసం. పడుకుంటే గురక పక్కింటిదాకా వినిపిస్తుంది. మొన్న కంపెనీ వాళ్లు చేసే మెడికల్ పరీక్షలో డాక్టరమ్మ బీపీ చూసి ముఖం ముడుచుకుంది. బరువు తగ్గి రాకపోతే బండి మీద నుంచి దింపాల్సి వస్తుందని చెప్పింది. ఆ రోజు నుంచి నవత ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టింది. అన్నం మానిపించింది. నూనె, బెల్లం ఇంట్లో కనపడనివ్వలేదు. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం రెండు ఎండు చపాతీలు, రాత్రి ఉడకబెట్టిన ముక్కలు.

భాను వచ్చి కూర్చుని ఆ గిన్నెను మందు మింగినట్టు ఖాళీ చేశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి సోమమ్మ ప్రతి ముద్దనూ చూస్తోంది.

"గింతేనారా? ఇంకింత పెట్టుకో."

"చాలమ్మా."

"ఏం చాలు? పొద్దుగూకేదాక బండి మీదుండాలె. ఖాళీ కడుపుతోని పోతవా?"

ఆ బతిమాలడం నవతకు విసుగు తెప్పించింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ చూస్తోంది. ఎవరినీ అరకడుపుతో గడప దాటనివ్వదు అత్త. గ్యాస్ బండ తెచ్చినవాడికి కూడా పళ్లెం పెడుతుంది. "సోమక్క ఇంటికి పోతే ఆ పూట పొయ్యి ఎలిగించే పని లేదు" అని పక్కింటి యశోద నవ్వుతూ ఉంటుంది. అది పెద్దావిడ మంచితనమని అందరూ అనుకుంటారు. నవత కూడా అలాగే అనుకుంది.

కొడుకు బస్సెక్కిన తర్వాత ఆ ఇంట్లో కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. సోమమ్మకు భయం వేసేది ఆ కాసేపే. పనిలో ఉండగా వెనక ఎవరో పీట జరిపినట్టు వినిపిస్తుంది. తర్వాత కంచంలో నీళ్లు పోసి చెయ్యి కడుక్కున్న చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఇన్నేళ్లయినా ఆ చప్పుడు ఆమెను వదల్లేదు. కొన్ని పొద్దులు గుమ్మం దగ్గర మనిషి నీడ కూడా కనిపిస్తుంది. తలకు టోపీ, టోపీకి దీపం. లోపలికి రాడు, ఏమీ అడగడు. అలా చూస్తూ నిలబడతాడు.

ఆమె భర్త సారయ్య భూమి లోపలికి దిగే పాతకాలపు బాయిలో పనిచేసేవాడు. భాను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. అతనికి బదులు సోమమ్మకు పని ఇచ్చారు. ఆఫీసులు ఊడ్చి కొడుకును పెంచింది. ఇదంతా కాలనీలో అందరికీ తెలుసు. ఆఖరి రోజు అతను ఇంట్లోంచి ఎలా వెళ్లాడో మాత్రం ఎవరికీ తెలియదు.

భాను ఓట్స్ తిని వెళ్లడం మొదలుపెట్టాక ఆ చప్పుడు రోజూ వినిపించసాగింది. ఇక సోమమ్మ వల్ల కాలేదు. నవత స్నానానికి పోయినప్పుడు క్యారియర్ అడుగు గిన్నెలో అన్నం కుక్కి, పైన కూర వేసి, ఆ పై గిన్నెలో కోడలు చేసిన చపాతీలు యథాతథంగా సర్దేది. భాను మొదటి రోజు ఆ గిన్నె తెరిచి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తినేశాడు. తల్లికి వద్దని చెప్పలేకపోయాడు, భార్యకు నిజం చెప్పలేకపోయాడు.

ఆదివారం నవత అతన్ని మందుల షాపులో తూకం మిషన్ ఎక్కించింది. బరువు తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది. ఆమెకు అనుమానం వచ్చింది. మర్నాడు పొద్దున బట్టలు ఉతకడానికన్నట్టు పెరట్లోకి వెళ్లి, వెంటనే తిరిగొచ్చి క్యారియర్ అడుగు గిన్నె తీసి చూసింది.

"ఏందిది అత్తమ్మా?"

సోమమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. భాను అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు.

"నిన్నే అడిగేది. ఎన్ని దినాలనుంచి పెడుతున్నవ్ గిట్ల?"

"ఆకలైతదని పెట్టిన. తల్లిని కాదా నేను?"

"తల్లివే! మరి నాకు పెనిమిటి కాదా? బీపీ ఎంతున్నదో ఎరికేనా నీకు? నేనొకదిక్కు నోరు కట్టిస్తుంటె నువ్వు దొంగచాటుగ విషం పెడుతున్నవ్!"

"విషమా?" సోమమ్మ గరిట పక్కన పెట్టింది. "నా కొడుక్కు నేను విషం పెడుతున్ననా?"

"పెడుతున్నవ్. ఈయన బండి మీదికెల్లి దిగిపోతె, రేపు మంచాన పడితె నువ్వు చూస్తవా?"

"నవతా, జర ఊకో," అన్నాడు భాను.

"నువ్వు మాట్లాడకు బావా. నువ్వు గూడ తిన్నవు గదా నాకు చెప్పకుంట!"

"వాని మీద అరవకు పొద్దుగాల. నాలుగు మెతుకులు ఎంగిలిపడి పోనీ వాన్ని..."

"ఆపుండ్రి!" భాను కంచాన్ని ముందుకు నెట్టాడు. "మీరిద్దరు కొట్టుకు సావుండ్రి. నాకు ఆమె గడ్డీ వద్దు, నీ కూరా వద్దు."

చెంబెత్తి ఆ కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు. చెప్పులు వేసుకుని విసురుగా వెళ్లిపోయాడు. క్యారియర్ గట్టు మీదే ఉండిపోయింది.

సోమమ్మ కంచంలోని నీళ్లవంక చూస్తూ బొమ్మలా నిలబడింది. నవత ఏడుస్తూ గదిలోకి పోయి తలుపేసుకుంది. ఎంతసేపటికో యశోద బయటినుంచి కేకేసింది.

"నవతా! మీ అత్తకేమైందే? కాళ్లకు చెప్పులు లెవ్వు, చేతిల క్యారియర్ పట్టుకొని గని తొవ్వల పోతున్నది. పిలిస్తె పలకట్లే!"

నవత పరుగున వచ్చి స్కూటీ తీసింది. కాలనీ దాటగానే రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు, ఆకులన్నీ బొగ్గుదుమ్ముతో నల్లబడి ఉన్నాయి. లోడు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటి పక్కనే, రోడ్డు అంచున, సోమమ్మ గబగబా నడుస్తోంది. కొంగు జారిపోయింది. ఏదో గొణుక్కుంటోంది.

"అత్తమ్మా! ఆగు. ఏడికి పోతున్నవ్?"

సోమమ్మ ఆమెను గుర్తుపట్టనట్టు చూసింది. "ఎంగిలిపడకుంట పోయిండు. జల్దీ పోవాలె. బాయిల దిగకముందే అందుకోవాలె."

"బాయేంది అత్తమ్మా? ఆయన నడిపేది డంపర్."

ఆ మాటతో సోమమ్మ కల్వర్టు గట్టు మీద కూలబడింది. నవత పక్కనే కూర్చుని పాదాలు చూసింది. కంకర కోసుకుని రక్తం కారుతోంది. తన కొంగుతో తుడవబోతే సోమమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ మామ గూడ గిట్లనే పోయిండు బిడ్డా."

ఎవరితోనూ అననిది ఆమె అప్పుడు చెప్పింది. ముందురోజు రాత్రంతా భానుకు జ్వరం. కన్ను మూయలేదు తను. పొద్దున సారయ్యకు రాత్రి మిగిలిన అన్నం పెట్టింది. "ఇంత వేడిగ వండలేవా?" అన్నాడతను. అంతే, ఒళ్లు మండిపోయింది.

"తింటె తిను, లేకుంటె పో అన్న. కంచంల చెయ్యి కడుక్కొని లేచిండు. తిరిగి సూడకుంట పోయిండు. మళ్ల బాయిల ప్రమాదమైందని సైరన్ మోగిందాక నాకు కోపం తగ్గలే." ఆమె క్యారియర్‌ను ఒడిలోకి లాక్కుంది. "ఆకలితోని పోయిండు నవతా. నా మీద కోపంతోని పోయిండు. రోజూ వస్తడు. వాకిట్ల నిలబడతడు. లోపటికి రాడు."

నవత పొద్దున తను అన్న 'విషం' అనే మాట గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకుంది. కాసేపటికి లేచి అత్తను లేపింది.

"బండెక్కు. పోయి ఆయన్ను చూసొద్దాం."

గేటు దగ్గర సెక్యూరిటీ మనిషిని బతిమాలితే వైర్‌లెస్‌లో పిలిచాడు. అరగంట తర్వాత భాను జీపు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"ఏమైంది? గిట్ల వచ్చిండ్రేంది? అమ్మా, కాళ్లకేందిది?"

సోమమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. జరిగింది నవతే చెప్పింది, నాలుగు మాటల్లో. భాను టోపీ తీసి పక్కన పెట్టి తల్లి ముందు నేల మీద కూర్చున్నాడు.

"నేను గూడ మీకొకటి చెప్పలే. మెడికల్‌కు ముందట ఒకరోజు, మధ్యాన్నం తిన్నంక లోడుతోని పైకి వస్తున్న. కండ్లు మూతపడ్డయి. టైరు అంచునున్న మట్టికట్టకు తగిలినంక మెలకువొచ్చింది. ఆ కట్ట అవతల ఏముందో మీకెరికే."

నవత "అయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ దినం కడుపునిండనే తిన్ననమ్మా. కొసరి కొసరి పెట్టినవ్. మక్క గారెలు."

సోమమ్మ అతనివంక చూసింది. ఇన్నేళ్లూ కొడుకు కడుపు నింపి పంపితే గని వాణ్ణి ఏమీ చేయదని నమ్మింది. ఆ నమ్మకమే వాణ్ణి గుంత అంచుదాకా తీసుకుపోయింది.

చిన్నగా అడిగింది. "ఇయ్యాల కోపం మీద పోయినవ్ గదరా. తొవ్వల ఏమనుకున్నవ్?"

ఆమె ఎవరి గురించి అడుగుతోందో భానుకు అర్థమైంది. ఆలోచించి, ఉన్నదే చెప్పాడు.

"ఏమనుకుంట? కాలనీ దాటిందాక కోపముండె. బస్సు మూల తిరిగినంక ఆకలైంది. పుంటికూర యాదికొచ్చింది. రెండు ముద్దలు తినొస్తె అయిపోవు గదా అనుకున్న. పొద్దుగూకి ఇంటికి రాంగనే అడిగి పెట్టించుకుందామనుకున్న. గంతే."

 దూరంగా డంపర్ల రొద వినిపిస్తోంది.

"నాయిన గూడ గంతే అనుకొనుంటడమ్మా. మొగోళ్ల కోపం ఎంతసేపు?"

సోమమ్మ అప్పుడు ఏడ్చింది. కోడలి భుజం మీద తలపెట్టి, చిన్నపిల్లలా, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.

ఆ వారంలోనే ముగ్గురూ కలిసి దవాఖానాకు పోయారు. ఇద్దరు ఆడవాళ్లూ చెప్పింది విని డాక్టరమ్మ నవ్వింది.

"బరువు తగ్గమన్నాను గాని నోరు కట్టేసుకోమన్నానా? ఇష్టమైనది దూరం చేస్తే ఎన్నాళ్లు ఆగుతాడమ్మా? ఇంట్లో వండిందే తిననివ్వండి. అన్నం సగానికి తగ్గించి, పప్పూ కూరగాయలూ పెంచండి. ఎండురొయ్యల్లో ఉప్పెక్కువ, వేడినీళ్లలో నానబెట్టి కడగండి, అదీ వారానికోసారి. గారెలు కావాలంటే రెండు తిని లేవాలి. షిఫ్టు దిగాక నడవాలి. ఆ గురక సంగతి కూడా చూద్దాం."

సగం అన్నం పెట్టడం సోమమ్మకు తేలిక కాలేదు. మొదట్లో గరిట తనంతట తాను రెండోసారి గిన్నెలోకి పోయేది. నవత చూసీ చూడనట్టు పక్కన కూర్చునేది. భాను నెమ్మదిగా తిని, "చాలమ్మా, మస్తుగున్నది" అనేవాడు. గరిట మళ్లీ గిన్నెలోనే ఉండిపోయేది. మెడికల్ నాటికి అతని బెల్టు ఒక బొక్క లోపలికి జరిగింది. ఇంకా తగ్గాలన్నారు గానీ, బండి మీదే ఉంచారు.

తొలకరి పడిన సాయంత్రం అత్తాకోడళ్లు కూర్చుని మొక్కజొన్న పిండితో మక్క గారెలు వత్తుతున్నారు. భాను తన రెండూ తిని నడకకు బయల్దేరాడు. సోమమ్మ నూనెలో గారె తిప్పుతూ ఉన్నట్టుండి నవ్వింది.

"ఏంది అత్తమ్మా?"

"మీ మామ ఒకపారి గారెలు అంగీ జేబుల పెట్టుకొని డ్యూటీకి పోయిండు. జేబంత నూనె. ఆఫీసరు ఏందయ్యా సారయ్యా అంటె, మందు సార్, దగ్గుకు అన్నడంట."

నవత పకపకా నవ్వింది. ఆ మనిషి గురించి అత్త నోట నవ్వుతూ వచ్చిన మొదటి మాట అది.

"ఇంకా చెప్పు అత్తమ్మా. ఇంకేం చేసేటోడు మామ?"

సోమమ్మ కళ్లు తుడుచుకుని, పీట దగ్గరికి లాక్కుని, చెప్పడం మొదలుపెట్టింది.