ఫుల్ ఫ్రేమ్‌లో నల్ల వలయం

“రాజేందర్... ఓ రాజేందర్...”

నాంపల్లి స్టేషన్ వెనక ఆ పాడుపడ్డ మేడలో పొద్దుగూకినంక ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలకొద్దంటరు. పెళ్లి తప్పిపోయిన పిల్ల ఒకామె లోపల ఇంకా ఎదురుచూస్తుందట. ఏ జంట వచ్చినా పెళ్లిదాకా పోనియ్యదట. నాకైతే ఆమె మీద భయంకన్నా జాలే ఎక్కువ.

పెళ్లి ఫోటోలు తీసే రాజేందర్ పలికిండు. అతను చెప్పింది చెప్పినట్టే రాస్తున్న.

పిలిచింది గేటు దగ్గరున్న కమలకుమారి ఆంటీ... పెళ్లికూతురు దివ్యశ్రీకి పిన్ని. “చీకటి పడింది బాబూ, ఇంకా ఎంతసేపు?”

“చీకటైతే ఫికర్ లేదాంటీ. ఫుల్ ఫ్రేమ్. అమావాస్యనాడు నల్లపిల్లిని తీసినా మీసాలు లెక్కవెట్టొచ్చు.”

ఆ కెమెరా మొన్ననే ఆబిడ్స్‌లో కొన్నడు. చవకలో ఫుల్ ఫ్రేమ్... లోపల బొమ్మను పట్టే సెన్సర్ పెద్దదట, తీసిన ఫోటో వైఫైలో ఫోన్‌కు పోతదట. గన్‌ఫౌండ్రీ నుంచి సుల్తాన్ బజార్ దాకా ఈ సంగతి వినని మనిషి లేడు. దీనికి ఇదే మొదటి ఆర్డర్... పెళ్లికి ముందు జంట ఫోటోలు.

దివ్యశ్రీ, పెళ్లికొడుకు ఫణికుమార్ మెట్ల మీద నిలబడ్డరు. అతని చెయ్యి ఆమె భుజం మీద...

క్లిక్.

రాజేందర్ తెర చూసుకున్నడు.

ఆంటీ తొంగిచూసింది. జంట చుట్టూ నల్లటి వలయం — నాలుగు మూలలూ మింగి, నోరు తెరిచినట్టు. మేడంతా రావాలని అతను జూమ్ తగ్గించిండు. వలయం ఇంకా దగ్గరికొచ్చింది...

“ఇద్దర్నీ మింగేస్తోంది,” ఆంటీ గొణిగింది. “ఏమిటి బాబూ ఇది?”

“గీ జాగ మంచిది కాదంటరాంటీ,” అన్నడు రాజేందర్, నేల చూస్తూ.

ఆబిడ్స్ దాకా ఎవ్వరూ ఆగలే. ఇరానీ హోటల్ ట్యూబులైట్ల కింద ఆంటీకి జర ధైర్యం వచ్చింది. “ఇక్కడ నన్నొకటి తియ్యి, చూద్దాం.”

క్లిక్.

ఆంటీ చుట్టూ అదే వలయం... చేతిలో సమోసాతో సహా.

“నా వెంట వచ్చేసింది,” అంటూ ఆంటీ ఫోన్ తీసింది. “బావగారూ, నేను కమలని. ఈ పెళ్లి మనకొద్దండి —”

దివ్యశ్రీ ఏడవలే. ఫణికుమార్ చెయ్యి గట్టిగా పట్టుకుని రాజేందర్‌నే చూసింది. ఆ చూపుకు భయపడ్డంత రాజేందర్ జన్మలో ఏ దెయ్యానికీ భయపడలేదట.

“జర ఫోన్ ఆపుండ్రి ఆంటీ... దెయ్యం లేదు, ఏం లేదు. కెమెరా ఒక్కటే కొత్తది. లెన్స్ నా పాత చిన్న కెమెరాది. గింత పెద్ద సెన్సర్‌కు అది మూలలదాక చాలది, గా నలుపంత దానిదే. ఫుల్ ఫ్రేమ్, ఫుల్ ఫ్రేమ్ అని ఊరంత చెప్పుకుంట తిరిగిన... లెన్స్ కొననే లేదు.”