పల్లకి వెనక నడక

"బుధవారం మధ్యాహ్నం నుంచి నేను రాను," అన్నాడు ఎలోయ్, వ్యాను తాళాలు జేబులో వేసుకుంటూ.

సెవిల్యాలో దిగి పెట్టెలు కూడా పూర్తిగా దించలేదు. ఎల్వీరాకి ఒళ్ళు మండిపోయింది.

"రాకపోవడమేంటి? వారానికి మాట్లాడుకున్నాం కదా! ఈస్టరు ముందు పరిశుద్ధ వారంలో, ఈ జనంలో మమ్మల్ని వదిలేసి పోతావా?"

"మీ నాన్నగారికి ముందే చెప్పాను."

"నాకు చెప్పలేదే!"

"మీకు చెప్పాలంటే మధ్యలో సందు దొరకాలి కదండీ," అన్నాడు అతను చాలా మర్యాదగా.

వెనక సీట్లోంచి దిగుతున్న అమ్మమ్మ హెర్మీనియా కిసుక్కున నవ్వింది. ఎల్వీరా ఊరుకుంటుందా?

"ఇంతకీ ఏం పని?"

"చెప్పకూడదు. ఒకావిడకి మాటిచ్చాను."

ఒకావిడ! ఎల్వీరా గబగబా పెట్టె లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. వారం క్రితం ముఖం కూడా తెలియని డ్రైవరు ఎవరికి మాటిస్తే తనకెందుకు? ఎందుకో తెలుసు కాబట్టే అంత కోపం.

స్పెయిన్‌లో ఉత్తరాన ఉన్న గిహోన్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. నాన్న బెనిగ్నో, అమ్మ ఒలాయా, అమ్మమ్మ, ఎల్వీరా. అమ్మమ్మకి మతిమరుపు ముదరకముందే దక్షిణాది ఊళ్ళు చూపించాలని బయల్దేరారు. కొర్దోబాలో బాగానే గడిచింది. గ్రనాదాలో కోట తోటల మధ్య ఆవిడ ఎల్వీరా చెయ్యి విడిపించుకుని మాయమైంది. అరగంట వెతికితే దొరికింది. రోందాలో అయితే పాత వంతెన పిట్టగోడ మీదకి నడుం దాకా వంగి, కింద లోయలోకి చూస్తూ "నీళ్ళు పిలుస్తున్నాయే" అంది. ఎల్వీరా ఉన్నచోటే నిలబడిపోయింది. అప్పుడు ఎలోయే మెల్లగా వెళ్ళి, "పెద్దమ్మగారూ, నాతో ఒక డాన్సు వెయ్యరా?" అని చెయ్యి చాపాడు. ఆవిడ ముసిముసిగా నవ్వుతూ వెనక్కి వచ్చేసింది.

ఆ రోజు నుంచీ వ్యాను అద్దంలో అతని కళ్ళు ఎప్పుడు పైకి లేస్తాయా అని ఎల్వీరా చూస్తూనే ఉంది. లేచినప్పుడల్లా కిటికీలోంచి ఆలివ్ తోటలు చూస్తున్నట్టు నటిస్తూనే ఉంది. భయం వేసినప్పుడు ఆమె వాగుతుంది. కాబట్టి రోందా నుంచి సెవిల్యా దాకా దారంతా వాగుతూనే వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నకి మోకాలి నొప్పి, అమ్మకి నిద్ర. ఊరేగింపు చూడ్డానికి అమ్మమ్మతో ఎల్వీరాయే బయల్దేరింది.

"చెయ్యి వదలకు," అంది అమ్మ. "గ్రనాదాలో చేసినట్టు చేశావో, నేనిక ఆవిణ్ణి గడప దాటనివ్వను. ఊరికి వెళ్ళగానే ఆ వృద్ధుల ఆశ్రమంలో చేర్పించేస్తాను. నాకూ భయమేనే, నేనేం రాయిని కాదు."

ఇరుకు సందులో జనం గోడలకి అతుక్కుని నిలబడ్డారు. ముందు శిలువ, ఆ వెనక రెండు వరుసల్లో ముసుగు భక్తులు. నల్లటి అంగీలు, సూదిలా నిక్కిన టోపీలు, ముఖం మీద గుడ్డ, గుడ్డలో రెండు రంధ్రాలు. చేతుల్లో పొడవాటి కొవ్వొత్తులు. ఒక్కడూ మాట్లాడడు. చిన్నప్పుడు ఈ ముసుగులు చూసి ఎల్వీరా అమ్మమ్మ పావడాలో దాక్కునేది. ఇప్పుడు అమ్మమ్మే ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

అంతలో నాలుగు చినుకులు పడ్డాయి. వాన వస్తే వెనక వచ్చే మరియమ్మ పల్లకి తడవకుండా ఊరేగింపు వెనక్కి తిరిగిపోతుంది. "వెనక్కి పోతున్నారు, వెనక్కి!" అని ఎవరో అరిచారు. అంతే, జనం ఒక్కసారిగా కదిలారు. గొడుగులు విచ్చుకున్నాయి. ఎవరి భుజమో ఎల్వీరా ఛాతీకి తగిలి ఊపిరి ఆగినంత పనైంది. నిలదొక్కుకుని చూస్తే చేతిలో చెయ్యి లేదు.

"అమ్మమ్మా!"

చినుకులు ఆగిపోయాయి. ఊరేగింపు ముందుకే సాగింది. జనం నవ్వుకుంటూ గొడుగులు మూసుకున్నారు. అమ్మమ్మ మాత్రం లేదు.

ఎల్వీరా మెట్ల మీద చూసింది, కాఫీ హోటళ్ళలో చూసింది. "నెరిసిన జుట్టు, నీలం కోటు, చూశారా?" అని కనిపించిన వాళ్ళందర్నీ అడిగింది. నీలం కోటు వేసుకున్న ముసలావిడలు ఆ సందులోనే బోలెడుమంది. అమ్మమ్మకి బస పేరు గుర్తుండదు. ఒక్కోరోజు తన పేరే గుర్తుండదు. కింద పడిపోయి ఉంటే? జనం తొక్కేసి ఉంటే? నదివైపు వెళ్ళిపోయి ఉంటే? "నీళ్ళు పిలుస్తున్నాయే" అన్న మాట చెవిలో మోగింది.

ముసుగుల వరుస పక్కనే ఎదురు నడుస్తూ ఒకతని ముందు ఆగింది.

"అయ్యా, మా అమ్మమ్మ తప్పిపోయింది. మీరు ఎత్తుగా ఉన్నారు. నీలం కోటు ఎక్కడైనా కనిపించిందా?"

రంధ్రాల్లోంచి రెండు కళ్ళు ఆమెని చూశాయి. అతను కదల్లేదు.

"తల అయినా ఊపచ్చుగా! మనిషి చచ్చిపోతున్నా నోరు విప్పరా మీరు? ఏం భక్తి ఇది!"

పక్కన ఒకావిడ ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఆయనకి మౌనం మొక్కమ్మా, అడక్కూడదు," అంది. ఎల్వీరా చెయ్యి విదిలించుకుని ముందుకు నడిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగి దారి కనిపించడం లేదు.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు. నల్ల చేతితొడుగు. తిరిగి చూస్తే అదే ముసుగు, కొవ్వొత్తి లేకుండా, ముఖానికి ముఖం ఆనించేంత దగ్గరగా.

"ఎల్వీరా. నేనే."

"ఎలోయ్?"

"భయపడకు. పల్లకి వెనక చూశావా?"

"వెనకెందుకు ఉంటుంది?"

"రోందా నుంచి వస్తూ దారంతా ఏం చెప్పింది ఆవిడ? మరియమ్మ వెనక ఉత్త కాళ్ళతో నడవాలని ఉందని పదిసార్లు చెప్పింది. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు, ఎక్కడ విన్నావు? రా."

మొదటిసారి 'నువ్వు' అన్నాడు. ఆ సంగతి గమనించే స్థితిలో ఎల్వీరా లేదు. అతను పక్క సందుల్లోంచి లాక్కుపోతుంటే పరుగెత్తింది.

కొవ్వొత్తులతో, తెల్లపూలతో మరియమ్మ పల్లకి మెల్లగా ఊగుతూ వెళ్ళిపోతోంది. వెనక మొక్కుకున్న ఆడవాళ్ళు గుంపుగా నడుస్తున్నారు. వాళ్ళ మధ్య నీలం కోటు. ఎవరో ఇచ్చిన కొవ్వొత్తి ఒక చేతిలో, తన బూట్లు ఒక చేతిలో.

"ఎక్కడికి పోయావే?" అంది అమ్మమ్మ చిరాగ్గా. "ఎంతసేపని చూడను నీకోసం?"

ఎల్వీరా ఆవిణ్ణి కావలించుకుని భోరున ఏడ్చింది. ఏడుపు తగ్గాక అమ్మకి మెసేజ్ పెట్టింది. అప్పుడు చూసింది ఎలోయ్‌ని. పక్కనే నడుస్తున్నాడు. ముసుగు లోపల ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. కొవ్వొత్తి లేని చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"వరుసలోకి వెళ్ళవా?"

"మాట్లాడేశాను కదా. ఇంకెందుకు?"

"దేనికి మొక్కుకున్నావు?"

అతను ముసుగు సర్దుకున్నాడు.

"సోమవారం మా అమ్మకి గుండె ఆపరేషన్. ఇంట్లో ముసుగు వేసుకున్నప్పటి నుంచి పల్లకి చేరి గుడి తలుపులు మూసేదాకా ఒక్క మాట మాట్లాడనని మొక్కుకున్నాను. నాకు పిచ్చి నమ్మకాలేమీ లేవు ఎల్వీరా. అయినా..." అతను పల్లకివైపు చూశాడు. "అయినా ఇప్పుడు భయంగా ఉంది."

ఎల్వీరాకి మళ్ళీ భయం వేసింది. ఈసారి తన వల్ల, తను తిట్టిన తిట్ల వల్ల, ముఖం కూడా తెలియని ఒక తల్లి కోసం.

"మిగతా దారి నేను నడుస్తాను," అంది. "తలుపులు మూసేదాకా నోరు విప్పను."

"నువ్వా?" అన్నాడు ఎలోయ్. అంత భయంలోనూ అతనికి నవ్వు వచ్చింది.

ఆమె వంగి బూట్లు విప్పేసింది. రాతి బాట మీద కొవ్వొత్తుల మైనం, చినుకుల తడి. పాదాలు జివ్వుమన్నాయి.

"అలా కుదురుతుందా పెద్దమ్మగారూ?" అని అడిగాడు ఎలోయ్.

"ఎందుకు కుదరదూ? మొక్కు ఇంటిది బాబూ. ఇంట్లో వాళ్ళెవరు తీర్చినా తల్లి ఒప్పుకుంటుంది." అమ్మమ్మ ఎల్వీరావైపు తిరిగింది. "అయితే నువ్వు వీళ్ళింటి మనిషివా?"

ఎల్వీరా నోరు తెరిచింది. వెంటనే మూసేసింది. చెవులు ఎర్రబడ్డాయి. జవాబు చెప్పే వీల్లేదు. మొక్కు మొదలైపోయింది.

ముసుగు లోపల ఎలోయ్ ముఖం ఎలా ఉందో తెలియదు గానీ, అతను వరసగా మూడు తప్పటడుగులు వేశాడు.

ఆ దారి ఎల్వీరాకి జీవితంలోకెల్లా పొడవైన దారి. నాన్న మెసేజ్ సంగతి తెలిసి కుంటుకుంటూ వచ్చి కలుసుకుని, "అమ్మ తిట్టిందని అలిగావా? ఒక్క మాటైనా అనవే, నాకు కంగారుగా ఉంది," అని బతిమాలాడు. ఆమె ఆయన చెయ్యి నిమిరి ఊరుకుంది. నోరు మూసుకుంటే భయం లోపలే తిరుగుతోంది, బయటికి పోదు. అమ్మమ్మ మళ్ళీ జారిపోతుందేమోనని భయం. సోమవారం ఏమవుతుందోనని భయం. పల్లకి మలుపు తిరిగినప్పుడల్లా ఆ తల్లిని ఒక్కటే అడిగింది. ఎలోయ్ కూడా మళ్ళీ మాట్లాడలేదు. అమ్మమ్మకి ఒకవైపు అతను, ఇంకోవైపు ఆమె.

చీకటి పడుతుండగా పల్లకి గుడిలోకి చేరింది. బరువైన తలుపులు కిర్రుమంటూ మూసుకున్నాయి.

ఎలోయ్ ముసుగు తీశాడు. జుట్టు చెమటకి అతుక్కుపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు మాట్లాడొచ్చు," అన్నాడు. "పెద్దమ్మగారు ఒకటి అడిగారు. జవాబు ఇంకా రాలేదు."

ఎల్వీరా గొంతు సవరించుకుంది. ఇంతసేపు లోపల పోగుపడిన మాటల్లో ఏది ముందు రావాలో ఆమెకే తెలియలేదు.

"మీ అమ్మగారి పేరేంటి?"

"ఎంకార్నా."

"దారంతా ఆవిడ కోసం వేడుకున్నాను, పేరు తెలియకుండా." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా వాళ్ళు శనివారం వెళ్ళిపోతారు. నేను వెళ్ళను. సోమవారం ఆస్పత్రికి ఎన్నింటికి రావాలి?"

ఎలోయ్ దగ్గరికి వచ్చాడు. ఆమె చెయ్యి తీసుకుని తన ముఖానికి ఆనించుకున్నాడు. ఆ చెంప తడిగా ఉంది.

"పొద్దున్నే వెళ్ళవే," అంది అమ్మమ్మ, బూట్లు తొడుక్కోవడానికి అల్లుడు బెనిగ్నో భుజం పట్టుకుంటూ. "ఆపరేషన్‌కి ముందు ఎంకార్నా నిన్ను చూడాలి కదా."