తెల్ల ఫ్లాక్స్ పూసిన సాయంత్రం

పొద్దున పూలు కోసిన కొమ్మలు మధ్యాహ్నానికి మళ్లీ పూశాయి. వాగ్దేవికి అందులో వింతేమీ కనిపించలేదు. చలికొండ పట్నం మీద రుతుపందిరి పరిచిన నాటినుంచీ అంతే. కంటికి కనపడని ఆ కప్పు ఊరంతటికీ ఒకే వసంతాన్ని పంచుతోంది. మామిడికి కాలం లేదు. పెళ్లిళ్లకు పూల కరువు లేదు. శీతాకాలం అంటే ఏమిటని బడిపిల్లలు టీచర్లను అడుగుతున్నారు.

ఆమె కత్తెర పట్టుకుని పూలబారు వెంట నడుస్తుండగా గేటు ముందు జీపు ఆగింది.

"వాగ్దేవిగారేనా? నా పేరు పరాంకుశం. రుతుమండలి భద్రతా విభాగం."

"మా అమ్మాయి ఇక్కడ లేదండి."

"లేదని తెలుసమ్మా. వస్తుందనే వచ్చాం. జీపు వెనక సందులో పెట్టించేస్తాను. మావాళ్లు ఇంట్లో కూర్చుంటారు. మీకేం ఇబ్బంది లేదుగా?"

"ఉందంటే వెళ్లిపోతారా?"

"వెళ్లం." అతను నవ్వాడు. "కాఫీ ఇస్తే మాత్రం కాదనం."

వాగ్దేవి కూతురు నీరద ఒకప్పుడు పందిరిని నడిపే ఆ మండలిలోనే ఇంజినీరు. పందిరికి కావలసిన తేమనంతా కొండ కింది పల్లెల నుంచి లాగుతున్నారని, అక్కడ బావులు ఎండిపోతున్నాయని ఆమె బయటపెట్టింది. ఆ వారమే రాజద్రోహం కేసు పడింది. అప్పటినుంచి ఎదుటి కొండ మీది అడవిలో దాక్కుంటూ, ఆదివారం సందెవేళ తల్లిని చూసి పోతోంది.

ఊళ్లో ప్రతి మాటా చెవితీగల గుండా మండలికి చేరుతుంది. అందుకే తల్లీకూతుళ్లు పూలను గుర్తుగా పెట్టుకున్నారు.

"దుర్భిణిలో చూస్తానమ్మా. బారులో తెల్ల ఫ్లాక్స్ పూలు కనిపిస్తే వస్తాను. లేకపోతే గేటు దరిదాపులకి రాను" అని ఒకసారి తల్లి చెవిలో గుసగుసగా అంది నీరద. వెలుగు తగ్గాక చివరిదాకా కనిపించేది తెలుపేనని దాన్ని ఎంచుకుంది.

ఇవాళ ఆదివారం.

వాగ్దేవి ఫ్లాక్స్ మొక్కలను చూపించింది. "మొక్కలకి బూడిద తెగులు తగిలిందండి. పక్కవాటికి అంటకముందే పీకేయాలి. చేసుకోవచ్చా?"

పరాంకుశం పూలను చూశాడు, ఆమెను చూశాడు. "చేసుకోండమ్మా. ముంగిట్లో మీరు కనిపిస్తుంటేనే నయం. ఇల్లు మామూలుగా ఉన్నట్టుంటుంది."

పూలు కోస్తే సరిపోదు. పందిరి కింద కోసిన కొమ్మ సాయంత్రానికి మళ్లీ పూస్తుంది. దుబ్బులతో సహా లేపేయాల్సిందే. ఆమె పార అందుకుంది.

ముందు వరసలో పొట్టి నీలి చేమంతులు, వెనక గోడవారన నడుమెత్తు ఫ్లాక్స్. చిన్నప్పుడు నీరద నాటిన ఒక్క పిలకే, తవ్వి విడదీసి నాటిన కొద్దీ అంత బారు అయింది. "ఇది నాలాగే మొండిదమ్మా. ఏ వేరుముక్క మిగిలినా మళ్లీ లేస్తుంది" అనేది ఆ పిల్ల.

ఆ మాట వాగ్దేవికి గుర్తుంది. కానీ తెగిన వేరు చిగురించి, ఎదిగి, పూలు పూయడానికి ఏడాదైనా పడుతుంది. ఆమెకు కావలసింది ఒక్క సాయంత్రం. పార దిగినచోటల్లా వేర్లు పటపట తెగుతుంటే ఆగలేదు. దుబ్బులన్నీ ఎరువుతొట్టిలో వేసింది. తొట్టి వాటిని నిమిషాల్లో నుగ్గు చేసి మింగేసింది. గోడవారన నల్లటి మట్టి మిగిలింది.

పందిరి వచ్చాక ఎవరికీ ఏ మొక్కనూ పెకలించే అవసరం రాలేదు. తెగిన వేరును అదేం చేస్తుందో దాన్ని కట్టినవాళ్లకూ తెలియదు.

"ఇక లోపలికి రండమ్మా. తలుపు దగ్గరికి గానీ, కిటికీ దగ్గరికి గానీ వెళ్లొద్దు" అన్నాడు పరాంకుశం.

ఆమె చేతులు శుభ్రంగా కడుక్కుని కాఫీ కలిపింది.

"భయపడుతున్నట్టు లేరే?" అన్నాడతను గ్లాసు అందుకుంటూ.

"మీ ఓపిక చూసి జాలేస్తోంది. పంచదార సరిపోయిందా?"

అంత తేలిగ్గా మాట్లాడి ఎన్నాళ్లయిందో. చీకటి పడబోతోంది. నీరద ఈపాటికి కొండమీంచి ఖాళీ మట్టిని చూసి వెనుదిరిగి ఉంటుంది.

అప్పుడు కిటికీ తెర కదిలి గాలి లోపలికి వచ్చింది. దాంతోపాటే తియ్యటి వాసన. సందెవేళ ఫ్లాక్స్ ఒక్కటే ఇచ్చే వాసన.

వాగ్దేవి చేతిలోని గ్లాసు జారింది. తలుపు వైపు పరుగెత్తబోతే కానిస్టేబులు రెక్క పట్టుకున్నాడు. గేటు గడియ చప్పుడైంది.

"నీరదా! పారిపో!"

ఆ కేకకంటే ముందే పోలీసులు గుమ్మం దాటారు.

నీరదను వరండాలోకి తెచ్చి నిలబెట్టారు. ఆమె ఇంకా రొప్పుతోంది.

"ఇవాళ రావద్దనే అనుకున్నానమ్మా" అంది. "కానీ పొద్దువాలాక దుర్భిణిలో చూస్తే ఎన్నడూ లేనన్ని పూలు కనిపించాయి. ఇంతలా రమ్మంటోంది, అమ్మకి ఏమైందోనని పరుగెత్తుకొచ్చాను."

ఆమె చూపు బల్ల మీది కాఫీ గ్లాసుల దగ్గర ఆగింది.

"కాఫీ కూడా ఇచ్చావా?"

"లేదే బంగారం... తవ్వేశానే! ఒక్కటీ మిగలకుండా తవ్వేశాను. ఆయన్ని అడుగు, చూశాడు!"

పరాంకుశం వాకిట్లోకి చూశాడు. ఆ పార ఎందుకో అతనికి అప్పుడు అర్థమైంది. తల్లి మీద నమ్మకం పోయిన మనిషి చేత నిజాలు చెప్పించడం తేలికని కూడా అతనికి తెలుసు.

"మీ అమ్మగారు చాలా సహకరించారమ్మా" అన్నాడు నీరదతో, మెల్లగా.

వాగ్దేవి రెండు చేతులూ కూతురి ముందు చాపింది, మట్టిని చూపిద్దామని. కడుక్కున్న చేతులు తెల్లగా ఉన్నాయి.

నీరద వాటిని చూసింది. తర్వాత తల తిప్పి పూలబారు వైపు చూసింది. తెగిన ప్రతి వేరుముక్కా ఒక మొక్కై లేచింది. గోడ కనిపించడం లేదు. నల్లమట్టి జానెడు కూడా కనిపించడం లేదు. అంతా తెలుపే.

"పదండి" అంది నీరద, పోలీసులతో.